ఏ నీళ్లలో ఏ దోమ? రొనాల్డ్ రాస్ పరిశోధన నుంచి మన మేడతోట దాకా

పటమటలో మా మేడతోట చూడ్డానికి వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇన్ని కుండీలు, ఇన్ని డ్రమ్ములు పెడితే దోమలు రావా అండీ?" వస్తాయి. కాకపోతే ఏ దోమ ఏ నీళ్లలో పెరుగుతుందో తెలిస్తే మందు కొట్టే పని లేకుండానే ఆపొచ్చు. ఎలా ఆపాలో పై వీడియోలో చూపించాను. వీడియోలో పట్టని కథ ఇక్కడ రాస్తున్నాను.

దోమ ఒంట్లో జబ్బు తాలూకు పరాన్నజీవి పెరుగుతుందని మొదట పట్టుకున్నది ప్యాట్రిక్ మాన్సన్. 1877లో చైనాలో ఉండగా, బోదకాలు పురుగు దోమలో ఎదగడం చూశాడు. ఆ పురుగు పిల్లలు మనిషి రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయని చెప్పింది కూడా ఆయనే. బోదకాలు పరీక్షకి ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి రక్తం తీసుకునేది అందుకే. మలేరియా కూడా దోమలోనే ఉండొచ్చన్న ఆలోచనను రొనాల్డ్ రాస్ తలకెక్కించింది ఈయనే.

రాస్ సైన్యంలో డాక్టరు. 1895 నుంచి దోమల్ని పెంచి, జ్వరం రోగుల్ని కుట్టించి, సూక్ష్మదర్శిని కింద కోసి చూశాడు. రెండేళ్లపాటు ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయనకి దొరికినవన్నీ బూడిదరంగువి, చారలవి. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చి కుట్టించాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనపడ్డాయి. మలేరియా రోగి రక్తంలో కనపడేవీ ఆ రేణువులే. మరుసటి ఏడు కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా పోవడం చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది.

నాకు ఇందులో నచ్చేది నోబెల్ కాదు, ఆ ఖాళీగా పోయిన రెండేళ్లు. దోమలన్నీ ఒకటే అనుకుంటే పని జరగదని అవే చెప్తాయి. ఇప్పటికీ మనం "దోమలు" అని ఒకే మాటతో సరిపెట్టి, సాయంత్రం పొగ కొడితే చాలనుకుంటాం. పొగకి ఎగిరేవి చస్తాయి, నీళ్లలో ఉన్నవి అలాగే ఉంటాయి.

మన దగ్గర లెక్క ఇదీ. మురుగుకాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు దానిదే. కుండీ కింద పళ్లెం, పాత టైరు, మూత లేని డ్రమ్ము – ఈ మంచినీళ్లు ఏడిస్ వి. పగలు కుడుతుంది, డెంగీ తెస్తుంది. వరిమడిలో పెరిగే క్యూలెక్స్ రకం వేరు. అది పందుల్లో, కొంగల్లో ఉండే మెదడువాపు వైరస్‌ని మనుషులకి తేగలదు.

గుడ్డు నుంచి దోమ ఎగరడానికి మన వేడికి సుమారు ఏడు నుంచి పది రోజులు. కాబట్టి పళ్లెంలో నీళ్లు వారానికోసారి ఒంపెయ్యాలి. ఒంపితే చాలదండీ, పీచుతో గట్టిగా తోమాలి. ఏడిస్ గుడ్లు గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిగులుతాయి. జీవామృతం డ్రమ్ము సంగతి ఇంకొంచెం జాగ్రత్త. పేడ, మూత్రం, బెల్లం కలిసిన నీళ్లంటే క్యూలెక్స్‌కి పండగే. గోనెసంచి కప్పితే సందులుంటాయి, పలచటి నూలుగుడ్డ కప్పి తాడుతో బిగించండి. రోజుకి రెండుసార్లు కలపండి, వారంలో వాడెయ్యండి.

పొలంలో అయితే వరికి ఆరుతడి. మడి సన్నగా నెర్రె కట్టేదాకా ఆరనిచ్చి మళ్లీ తడిపితే లార్వాలు ఎండిపోతాయి, నీళ్లూ ఆదా. ఈనిక దశలో మాత్రం ఆరబెట్టొద్దు. పురుగుమందు కొట్టని మడిలో తూనీగలు మిగులుతాయి. తూనీగ పిల్లదశ గడిచేది నీళ్లలోనే, తినేవాటిలో దోమ లార్వాలూ ఉంటాయి. మందు కొడితే ముందు పోయేది ఇలాంటి కాపలాదారులే, దోమ మాత్రం తొందరగా తిరిగొస్తుంది.

ఇంకో మాట కొంతమందికి నచ్చకపోవచ్చు. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా అని, ఆరోగ్య సిబ్బంది ఇచ్చే బోదకాలు మాత్రలు పక్కన పడేసేవాళ్లున్నారు. ఆ డీఈసీ మందు 1940లలో అమెరికాలో తయారైంది, ఆ బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలోని పురుగు పిల్లల్ని అది తగ్గిస్తే దోమకి మోసుకెళ్లడానికి సరుకుండదు. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు సిబ్బంది ముందే వేసుకోవాలి. జ్వరం వస్తే కూడా కషాయాలతో రోజులు గడపకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

మీ డ్రమ్ములో లార్వాలుంటే ఫోటో తీసి కింద పెట్టండి. నీళ్లలో తలకిందులుగా వేలాడితే క్యూలెక్సో ఏడిసో, నీటిమట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటే రాస్ వెతికిన రకం అనాఫిలిస్.