వరదలో నానిన తలుపు మా ఇంట్లో టీపాయ్ ఎలా అయింది?

ఇవాళ ముందు మీకు మా హాల్లో టీపాయ్ చూపిస్తా. కెమెరా కొంచెం కిందకి తెస్తున్నా, చూడండి. ఈ అంచు దగ్గర గొళ్లెం ఉన్న మచ్చ కనిపిస్తోందా? ఇది ఒకప్పుడు ఎవరింట్లోనో తలుపు రెక్క. పాతసామాన్ల కొట్లో 700 రూపాయలకి కొన్నా. కాళ్లకి, మేస్త్రి కూలికి, నూనెకి అన్నీ కలిపి ఇంకో 1,600 అయింది. మొత్తం 2,300. ఈ సైజు టేకు టీపాయ్ షోరూమ్‌లో ఎంతుంటుందో మీకే తెలుసు.

అసలు పాత సామాన్ల జోలికి నేనెందుకు వెళ్లానో చెప్పాలి కదా. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు నీళ్లు మా వీధిలోకొచ్చాయి. మేం పై వాటా వాళ్లింట్లో ఉన్నాం. నీళ్లు తీశాక కిందకి దిగితే ఇల్లంతా బురద, వాసన. నాన్న, నేను మొదట ఏం కాపాడాలని చూశామో తెలుసా? ఈఎంఐలో కొన్న మూడు తలుపుల వార్డ్‌రోబ్. ఇంకా రెండు వాయిదాలు కట్టాలి దానికి. నాయనమ్మ భోషాణం పెట్టె మాత్రం నల్లగా అయిపోయి, కంపు కొడుతోందని బండివాడికి 600కి ఇచ్చేశాం. అమ్మ వద్దంది. "పోనీ లేవే" అన్నది నేనే.

వారం తిరక్కుండా వార్డ్‌రోబ్ అటుకుల్లా ఉబ్బిపోయింది. చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. మేస్త్రి వచ్చి చూసి నవ్వాడు. "అమ్మాయ్, అది చెక్క కాదు. రంపప్పొట్టూ జిగురూ కలిపి నొక్కింది. నీళ్లు తాగితే ఇంక మామూలుగా అవ్వదు. మీ పెట్టె టేకుది, నీడన ఆరబెట్టుకుంటే సరిపోయేది" అన్నాడు. అప్పుడు తెలిసింది ఏం అమ్మేశామో.

టేకులో సహజంగానే ఒక రకం నూనె ఉంటుంది. అందుకే తొందరగా కుళ్లదు, చెదలు కూడా అంత తేలిగ్గా పట్టవు. నానినా మెల్లగా ఆరితే దాదాపు పాత ఆకారానికి వచ్చేస్తుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఎండలో పెట్టడం. పైభాగం గబగబా ఆరి, లోపల తడిగా ఉండిపోతుంది. దాంతో పలక వంకర తిరుగుతుంది, పగుళ్లొస్తాయి. ఈ తలుపు రెక్కని సబ్బునీళ్లతో కడిగి, కింద ఇటుకలు పెట్టి, గాలాడే చోట మూడు వారాలు వదిలేశా. అమ్మ రోజూ తిట్టింది, దారికి అడ్డంగా ఉందని.

కొనేటప్పుడు ఏం చూడాలి? ముందు బరువు. ఎత్తి చూస్తే గట్టి కర్ర సంగతి చేతికే తెలుస్తుంది. తర్వాత అంచు. పలక అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, రవ్వలా కనిపిస్తే పొట్టుచెక్క. గీతలు పైనుంచి అంచు మీదుగా సాగితే అసలు కర్ర. సన్నటి చిల్లులుంటే పలకని నేలకేసి తట్టండి. మైదాపిండిలా తెల్లటి పొడి రాలిందంటే లోపల పురుగు ఇంకా తింటోందని అర్థం. అలాంటిది ఫ్రీగా ఇచ్చినా ఇంటికి తేవద్దు, మంచాలకీ గుమ్మాలకీ కూడా అంటుకుంటుంది. మన ఆటోనగర్‌లో పాత లారీ బాడీలు విప్పిన పలకలు కూడా దొరుకుతాయి. చూడ్డానికి భలే ఉంటాయి గానీ, ఏళ్ల తరబడి డీజిల్, గ్రీజు పీల్చుకుని ఉంటాయి. బాల్కనీలో పూలకుండీల స్టాండుకి ఓకే, వంటింట్లోకి మాత్రం వద్దు.

ఇప్పుడు కొంచెం సీరియస్ విషయం. పాత తలుపంటే పాత పెయింట్. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే రూల్ 2017 నవంబర్ నుంచే అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగానే ఉండొచ్చు. రీల్స్‌లో మాస్క్ కూడా లేకుండా మెషిన్ పెట్టి బర్రున గీకేస్తుంటారు చూశారా, ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి వెళ్తే మెదడుకే దెబ్బ. పొడిగా గీకొద్దు. తడిపి గీకండి, పెచ్చులు పేపర్లో చుట్టి కట్టేయండి. ఇంట్లో పసిపిల్లలున్నా, ఎవరైనా కడుపుతో ఉన్నా, రంగు లేని చెక్కే వెతుక్కోండి. నేను ఈ రెక్కని ఎంచుకోవడానికి సగం కారణం అదే, దీనికి నూనె తప్ప రంగు తగల్లేదు.

తర్వాత ఉప్పు కాగితం. 80 నంబర్‌తో మొదలుపెట్టి, 120, ఆఖర్లో 220. ఎప్పుడూ గీత వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు ఎప్పటికీ పోవు. ఆపైన అవిసె నూనె పల్చగా రెండు మూడు పూతలు. ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోకండి. ఈ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతటదే అంటుకోవచ్చు. నిజంగానే. బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

ఈ తలుపుకున్న మేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. పారేయబోతుంటే పెడన గుర్తొచ్చింది. మచిలీపట్నం పక్కనే ఉంది కదా, కలంకారీ అచ్చుల ఊరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. వాళ్ల నల్లరంగు ఎక్కడిదనుకుంటున్నారు? తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు. అంతే! రెండు మూడు వారాలు పులియబెడతారు. గుడ్డని ముందే కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరూ, ఇనుమూ కలిస్తే నలుపు. పాలు రంగుని పాకనివ్వవు. నేను మన వరద మేకులతోనే చేశా. వాసన మాత్రం అడక్కండి, డబ్బా డాబా మీద పెట్టించారు. ఒక అద్దకందారు అంచులరిగిన అచ్చు ఒకటి ఇచ్చారు. అచ్చు అరిగితే గీత చెదురుతుంది, వాళ్లకి పనికిరాదు. ఈ దిండు గలీబు మీద పూలు దాంతో అద్దినవే. రెండు పూలు వంకర, ఆ వైపు గోడకి తిప్పి పెట్టా.

సోఫా మీద ఇది బొంత. వరదలో తడిసిన అమ్మ నూలు చీరలు ఎన్నిసార్లు ఉతికినా బురద మరక పోలేదు. మరకలున్నవి లోపలి పొరల్లో వేసి, బాగున్నది పైన వేసి కుట్టాం. ఇప్పుడు దీన్నే ఏదేదో స్టైలిష్ పేరు పెట్టి వేలల్లో అమ్ముతున్నారు. మన నాయనమ్మలు దీనికి వీడియోలు తీయలేదంతే.

ఇత్తడి గురించి ఒక్క ముక్క. పాత గుండిగల్లో మొక్కలు పెట్టడం బాగుంటుంది, కానీ అడుగున చిల్లు పెట్టొద్దు. ప్లాస్టిక్ కుండీని లోపల దించండి, చాలు. రేపు అమ్ముకోవాలన్నా బరువుకి బరువు ధర వస్తుంది. కళాయి పోయిన గిన్నెలో మాత్రం పులుసూ పచ్చడీ పెట్టకండి. ఇంక సీసాలకి జనపతాడు చుట్టడం, సీడీలు గోడకి అంటించడం నన్ను అడగొద్దు, నెలకల్లా దుమ్ము కొట్టుకుపోతాయి.

ఇంకోటి. వరద తర్వాత ఆ కొట్లలో ఏ వస్తువు చూసినా అది ఎవరింటిదో అనిపించేది. ఈ రెక్క మీద పసుపు బొట్లుండేవి. ఎంత గీకినా ఒక చోట కొంచెం మిగిలింది, అలాగే ఉంచేశా. బేరం కూడా ఎక్కువ ఆడలేదు.

మా పెట్టె కోసం ఇప్పటికీ చూస్తూనే ఉన్నా. వన్ టౌన్ వైపు వెళ్లినప్పుడల్లా ఓ రెండు కొట్లు ఎక్కి దిగుతా. మూత మీద ఇత్తడి తామరపువ్వు బిళ్ల, దాని రేకు ఒకటి ఊడిపోయింది, కుడి వైపు కడియం లేదు. మీకెక్కడైనా కనిపిస్తే ఒక ఫొటో తీసి పంపండి. ధర ఎంతైనా పర్లేదు అని మాత్రం కొట్టాయనతో అనకండి.