ఉగ్గుగిన్నె, ఫ్రీజరు

వేసవిలో నొకనాటి మధ్యాహ్నము ఎండనబడి యింటికి వచ్చి, నిమ్మరసము కలుపుకొని, ఫ్రీజరులోని ట్రేనుండి రెండు మంచుగడ్డలు తీసి గ్లాసులో వేసికొంటిని. ఒక గ్రుక్క త్రాగిన పిదపగాని తెలియలేదు, అవి మంచుగడ్డలు గావనియు, ఎనిమిది మాసముల మా మనుమరాలి కొఱకు మా అమ్మాయి ఉడికించి, మెదిపి, గడ్డకట్టించిన సొరకాయ గుజ్జనియు. "చీటీ అంటించాను కదా నాన్నా, చూసుకోలేదా?" అని నవ్వినది. చీటీ నిజముగనే యున్నది. దానిపై కూర పేరును, వండిన తేదియు వ్రాసియున్నవి. కళ్ళజోడు మాత్రము నా ముఖమున లేదు.

ఆఱవ మాసమున అన్నప్రాశనము మన యాచారము. ఆఱు మాసములు నిండిన పిమ్మట తల్లిపాలతోబాటు మెత్తని యాహారమును మొదలుపెట్టవలెనని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అయితే తొలిదినములలో శిశువు పూటకు తినునది రెండుమూడు చెంచాలే. ఆ కాసింతకై పూటపూటకును కుక్కరు పొయ్యిమీది కెక్కించుట ఉద్యోగమునకు పోవు తల్లికి సాధ్యమా? ఈ చిక్కును మన పెద్దలు ఏనాడో విప్పికొనిరి. బియ్యమును పప్పులను కడిగి, యెండబెట్టి, దోరగా వేయించి, విసరి, జల్లించి డబ్బాలో పోసిన ఉగ్గుపిండి వారాల తరబడి చెడకుండుటకు కారణము, అందులో తేమ లేకుండుటయే. నీరు దొరకనిచోట సూక్ష్మజీవి వృద్ధి పొందజాలదు. ఫ్రీజరు చేయునదియు ఇంచుమించుగ ఆ పనియే: నీటిని వెడలగొట్టుటకు మారుగా, ఉన్నచోటనే గడ్డకట్టించి సూక్ష్మజీవి కందకుండ చేయుచున్నది. అయితే చంపదు, నిద్రపుచ్చును. మంచు కరగినతోడనే ఆ నిద్రయు చెదరును.

కావున గుజ్జు ఫ్రీజరు చేరకముందును, వెలికి వచ్చిన పిమ్మటను మెలకువ వహింపవలెను. 5 డిగ్రీల సెల్సియసుకును 60 డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు మిక్కిలి త్వరితముగ పెరుగును గనుక, వండినదానిని సాయంత్రమువఱకు గట్టుమీద విడిచిపెట్టరాదు. వెడల్పైన పళ్ళెములో పలుచగ పఱచి, ఆ పళ్ళెమును చన్నీళ్ళ బేసినులో నిలిపినచో కొద్దిసేపటిలోనే చల్లారును. ఎట్లయినను రెండు గంటలు దాటనీయరాదు. ఆపైన శుభ్రమైన ఐసు ట్రేలో నింపి మూతపెట్టవలెను. ఒక్కొక్క గడి సుమారు 30 మిల్లీలీటర్లు పట్టును. చంటిబిడ్డకు కొలత వెదకనక్కఱలేదు. గట్టిపడిన గడ్డలను సంచిలోనికి మార్చి, గాలి పిండివేసి, మూతి బిగించి, మైనస్ 18 డిగ్రీల చలిలో నుంచినచో నొకటి రెండు నెలలు నిలువయుండును. ఫ్రిజ్జు క్రింది అరలో మాత్రము ఒకటి రెండు దినములకు మించి నమ్మరాదు.

గడ్డకట్టించినచో రుచి చెడదా యందురేమో. లాబ్రడారు శీతభూమిలో అక్కడివారు పట్టిన చేపలు ఆ చలికి తటాలున గడ్డకట్టి, నెలల పిమ్మట కరగించి వండినను తాజా రుచి చెడకుండుటను 1910ల నడుమ క్లారెన్స్ బర్డ్‌సై అను అమెరికనుడు గమనించెను. శీఘ్రముగ గడ్డకట్టించిన మంచుపలుకులు చిన్నవై కణములను చీల్చవు, నిదానముగ గట్టిన పెద్దపలుకులు చీల్చును. మన యింటి ఫ్రీజరు నిదానపుదే. కాని మెదిపిన గుజ్జులో చీలవలసిన కణములన్నియు మిక్సీలోనే చీలిపోయినవి గదా!

అన్నము సంగతి వేఱు. చల్లదనములో దాని పిండిపదార్థము బిగిసి, పలుకుబారును. పైగా వండినను చావని బీజములు గల బాసిల్లస్ సిరియస్ అను సూక్ష్మజీవి దానికి చిరపరిచితము. బంగాళాదుంపయు కరగినపుడు ఇసుకవలె విరియును. కనుక గుమ్మడి, క్యారెట్టు, సొర, పప్పు ఫ్రీజరుకు వదలి, అన్నమును మాత్రము అప్పటికప్పుడు మెత్తగ వండి కలుపుట మేలని నా మతము. తొందరపూట ఉగ్గుపిండి యుండనే యున్నది.

కావలసిన గడ్డలను ముందునాటి రాత్రి క్రింది అరకు దించినచో తెల్లవారుసరికి కరగియుండును. ఒక్క దినములో వాడివేయవలెను, తిరిగి గడ్డకట్టింపరాదు. పొగలు వచ్చునట్లు కాచి, చల్లార్చి, మణికట్టుపై చుక్క వేసి చూచి పెట్టవలెను. మైక్రోవేవులో నొకచోట చల్లగను, ఒకచోట మసలుచును నుండును గనుక బాగుగ కలియబెట్టుట తప్పదు. ఇక ఎంగిలి. తినునంత మాత్రమే ఉగ్గుగిన్నెలోనికి తీయవలెను. బిడ్డ నోటిలో పెట్టిన చెంచా మరల ముంచిన గుజ్జులో లాలాజలముతోబాటు సూక్ష్మజీవులును చేరును. మా అమ్మమ్మ ఎంగిలియని పాఱబోసినదానిని మా అమ్మాయియు పాఱబోయుచున్నది. ఇద్దఱును చెప్పు కారణములే వేఱు.

మొన్న నాలుగు దినములు రాజమండ్రి వెళ్ళి వచ్చితిమి. రాగానే ఫ్రీజరు తెఱచి చూచితిని. గడ్డలన్నియు రాయివలె నున్నవి. బాగుగనే యున్నవంటిని. మా అమ్మాయి మూలనున్న చిన్నగిన్నె తీసినది. పోవుటకు ముందు అందు నీరు గడ్డకట్టించి, మీద రూపాయిబిళ్ళ నుంచి వెళ్ళినదట. బిళ్ళ ఇప్పుడు మంచుక్రింద, గిన్నె అడుగున మెఱయుచున్నది. మేము లేనపుడు కరెంటు పోయి, అంతయు కరగి, మరల గట్టిపడినదన్నమాట. సంచులన్నియు చెత్తబుట్టలోనికి పోయినవి. నేను గుమ్మడికాయ కొనితెచ్చుటకు సంచి పుచ్చుకొని బజారుకు బయలుదేఱితిని.