అడవి అందరిదే, కానీ దిక్కులేనిది కాదు

ఐతారమొస్తే చాలు, మా ములుగు జిల్లా దిక్కు బైకులు బారులు కడుతున్నయి. లక్నవరం, రామప్ప చెరువు, బొగత, తాడ్వాయి అడవి... రావాలె తమ్మీ, తప్పకుండ రావాలె. ఇవి పైసలున్నోళ్ల జాగలు కావు, కూలోళ్ల పిల్లలకు గూడ హక్కున్న జాగలు. కానీ అందరిది అంటే ఎవ్వరిదీ కాదనుకుంటున్నరు కొందరు. నా బాధంతా గక్కడ్నే.

ఇరవై ఏండ్ల వయసుల నేను గూడ గిట్లనే జేసిన. వానకాలంల నలుగురం దోస్తులం వాగు ఇసుకల చాపలేసుకొని పండినం. మొగులు మీద చుక్కలున్నయి, చినుకు లేదు. నడిరాత్రి లేచేసరికి చాపలు తడుస్తున్నయి. ఎగువ గుట్టల మీద వాన పడ్డ సంగతి మాకెట్ల తెలుస్తది? గిన్నెలు, చెప్పులు కొట్టుకపోయినయి. మేం ఒడ్డెక్కి బతికినం.

అందుకే మొదటి మాట నీళ్లది. మీరున్నకాడ వాన లేకున్నా వాగు వస్తది. వానకాలంల ఇసుకల పండొద్దు. నీళ్లు ఎర్రగైనా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా సామాన్లు ఇడిసిపెట్టి ఒడ్డెక్కాలె. వరదున్నప్పుడు బొగతల దిగొద్దంటే దిగొద్దు, సెల్ఫీకి గూడ.

రెండోది పర్మిషన్. తాడ్వాయి అడవి ఏటూరునాగారం అభయారణ్యం కిందికి వస్తది. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం రోడ్డు మీద ఎవలైనా పోవచ్చు. రోడ్డు దిగి లోపలికి పోవాలన్నా, టెంటు ఎయ్యాలన్నా ఫారెస్టోళ్ల పర్మిషన్ కావాలె. ముందుగాల రేంజ్ ఆఫీసుల అడుగుండ్రి. అడవిల ఫోన్ కలువదు, యాడికి పోతున్నరో ఇంట్ల చెప్పి రాండ్రి.

మూడోది అగ్గి. మాఘం దాటితే ఆకు రాలి అడవంతా ఎండు గడ్డివాము లెక్క ఉంటది. గప్పుడే కోయోళ్లు ఇప్పపువ్వు ఏరుకుంటరు, ఆ తర్వాత తునికాకు తెంపుతరు. గవి ఏరుకునే, అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకిచ్చింది. మీరు పారేసిన ఒక్క బీడీ ముక్క ఒక ఇంటి ఏడాది సంపాదనను కాల్చొచ్చు. 2024 ఆగస్టు 31 నాడు గాలిదుమారానికి తాడ్వాయి, మేడారం నడుమ వేల చెట్లు కూలినయి. గాలిని మనం ఆపలేం, బీడీని ఆపొచ్చు. అభయారణ్యంల పొయ్యి అసలే పెట్టొద్దు, సద్ది కట్టుకొని రాండ్రి. సీసాలు, ప్లాస్టిక్ మళ్ల మీ సంచిలనే తీస్కపోండ్రి.

గిదంతా ఎందుకు చెప్తున్ననంటే, మనం ఖరాబ్ జేస్తే గేట్లు పడ్తయి. గేట్లు పడ్డంక రిసార్టుల రూమ్ కిరాయి కట్టెటోళ్లకే అడవి మిగుల్తది. గరీబోని పిల్లలు రోడ్డు మీదికెళ్లి చూసి పోవాల్సి వస్తది.

ఊళ్లెకు రాంగనే ముందు అక్కడి పెద్దమనిషిని అడుగుండ్రి: "తాతా, యాడ ఉండొచ్చు, యాడ ఉండొద్దు?" వాళ్లు ఇంటోళ్లు, మనం ఒక్క రాత్రి సుట్టాలం.