బయానా తీసుకున్న కూలికి జైలు: 1859 నాటి దొరల శాసనం

'బయానా తీసుకున్నవ్, పని తీరేదాక కదలొద్దు.' ఈ మాట విననోళ్లు మన కూలీల్లో తక్కువ. పాలమూరు నుంచి ప్రాజెక్టుల కట్టల మీదికి పోయిన గుంపులు మేస్త్రీల నోట విన్నయి. ఇయ్యాల యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీలు వింటున్నరు. ఇది మేస్త్రీ నోటి దురుసు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒకనాడు దీన్ని చట్టంగానే రాసి పెట్టారు.

1859లో కలకత్తాలోని శాసనమండలి 13వ నంబరు చట్టం చేసింది. కార్మికుల ఒప్పంద ఉల్లంఘన చట్టమని దాని పేరు. 1853 చార్టర్ చట్టం కింద ఏర్పడిన ఆ మండలిలో ఉండేది పన్నెండు మంది. గవర్నర్ జనరల్, సేనాధిపతి, ఆయన కౌన్సిలు సభ్యులు, ఇద్దరు జడ్జీలు, రాష్ట్రాల తరఫున నలుగురు కంపెనీ ఉద్యోగులు. అందరూ తెల్లవాళ్లే. మద్రాసు తరఫున కూర్చున్నవాడూ తెల్లదొరే. దేశంలో కోట్లాది కూలీల నెత్తిన చట్టం రుద్దుతుంటే, వద్దనడానికి మనవాడు ఒక్కడూ లేడు.

అడిగిందెవరు? కలకత్తాలోని ఇంగ్లీషు వ్యాపారుల సంఘం. అడ్వాన్సు తీసుకున్న పనివాళ్లు మోసం చేసి పారిపోతున్నారని వాళ్ల ఫిర్యాదు. మండలి వెంటనే కరిగిపోయింది!

చట్టం పనిచేసే తీరు చూడండి. అడ్వాన్సు తీసుకున్న కూలి పనికి రాకపోతే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి పోతాడు. డబ్బు కక్కించాలా, పని చేయించాలా అన్నది యజమాని ఇష్టం. మేజిస్ట్రేటు ఆ ప్రకారమే హుకుం ఇస్తాడు. కూలి తప్పితే మూడు నెలల దాకా కఠిన ఖైదు. అప్పు ఎగ్గొట్టిన షావుకారు మీద సివిలు దావా. పని ఎగ్గొట్టిన కూలికి మాత్రం బేడీలు. మరి యజమానే కూలి ఎగ్గొడితే? ఆ చట్టంలో అతనికి జైలు లేదు.

మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకని చేసిన ఈ చట్టాన్ని తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడికి పాకించారు. అస్సాం తేయాకు తోటల దొరలకు ఇది చేతికర్ర అయింది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి తోటలకు పోయిన మన తెలుగు కూలీలూ దీని కింద నలిగినవాళ్లే. విడ్డూరమేమంటే, పని మానిన కూలిని జైల్లో పెట్టే పద్ధతిని ఇంగ్లండులో 1875లోనే ఎత్తేశారు. అక్కడ కార్మిక సంఘాలు కొట్లాడినయి. ఇక్కడ ఆ చట్టాన్ని రద్దు చేయడానికి 1925 దాకా పట్టింది. మరో యాభై ఏండ్లు!

మధ్యలో మండళ్లలోకి భారతీయులు రాలేదా అంటే, వచ్చారు. 1861 చట్టం తర్వాత కలకత్తా మండలికి ప్రభుత్వం పిలిచిన వాళ్లలో పాటియాలా మహారాజు, కాశీ రాజు ఉన్నారు. మద్రాసు మండలికి గాజుల లక్ష్మీనరసు చెట్టి వెళ్లారు. ఆయన సంగతి వేరు. శిస్తు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని ఎలుగెత్తినవాడు, ఆ హింసలు నిజమేనని 1855లో ప్రభుత్వ కమిషనే ఒప్పుకోవలసి వచ్చింది. కాని ఆ మండళ్లలో ప్రశ్న అడిగే హక్కే లేదు. సర్కారు ముందుపెట్టిన బిల్లు మీద మాట్లాడాలి, అంతే.

మన గుట్ట అప్పుడు నిజాం రాజ్యం. కలకత్తా చట్టం ఇక్కడ చెల్లదు. అయితే మన జీతగాళ్లు సుఖపడ్డరా? దొరకు చట్టమెందుకు, గడీ చాలు. పెండ్లికో చావుకో తెచ్చిన అప్పు కింద తండ్రి భగేలాగా చేరితే కొడుకు కూడా అక్కడే ముసలోడయ్యేవాడు. మాల, మాదిగ వాడల నుంచే ఎక్కువ మంది. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది. కాయితం మీది మాట గడీ గడప దాటలేదు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత ఊరూరా సంఘం పెట్టి వెట్టిని ఎదిరించినప్పుడే దొరలు జంకారు.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఎమర్జెన్సీలో, జనం హక్కుల్ని కట్టేసిన రోజుల్లోనే, కూలీల కట్లు విప్పే చట్టం రావడం ఒక చిత్రం. 1859 చట్టాన్ని ఇది తలకిందులు చేసింది. వెట్టి అప్పు చెల్లదు, తీర్చక్కర్లేదు. వెట్టి చేయించినవాడికి మూడేండ్ల దాకా జైలు. ఇది వెట్టి అప్పని కూలి చెబితే, కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే.

అయినా 2017 జనవరిలో యాదాద్రి జిల్లాలోని ఒక ఇటుక బట్టీ నుంచి రెండొందల మంది దాకా ఒడిశా పిల్లల్ని పోలీసులు విడిపించవలసి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా కమిటీ ఉండాలి. అందులో ఆ జిల్లాలో ఉండే ముగ్గురు దళిత, గిరిజన సభ్యులు ఉండాలి. భువనగిరిలో ఆ ముగ్గురూ ఎవరు, కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది, ఎన్ని బట్టీలు తిరిగింది అన్న మూడు ప్రశ్నలతో కూలీ సంఘాలు కలెక్టరేటుకు అర్జీ పెట్టాలి. బట్టీల సీజను మొదలయ్యే నవంబరు లోపలే పెట్టాలి.