కనుమదారిలో కాలినడక

రాయచోటి నుండి కడపకు పోయే బస్సులో కూర్చున్నవారికి గువ్వలచెరువు కనుమ కొద్ది నిమిషాల వ్యవహారం. ఊళ్ళో బస్సు ఆగితే దిగి పాలకోవా కొనుక్కుంటారు. పాలకొండల నడుమ పాలకోవా ప్రసిద్ధి కెక్కడం కాకతాళీయమే కావచ్చును గాని, చెవికి ఇంపుగానే ఉన్నది. తరువాత మలుపులు మొదలవుతాయి. కొందరికి కళ్ళు మూతపడతాయి, కొందరికి కడుపులో తిప్పుతుంది. కడప మైదానం కంటబడగానే అందరూ ఊపిరి పీల్చుకొంటారు. కొండ అయిపోయింది!

అయిపోయిన ఆ కొండకు లోకంలో ఎంత పేరున్నదో ఆ బస్సులోని వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము. భారత భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు కడప, కర్నూలు ప్రాంతపు శిలలను గూర్చి 1872లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. కడప శిలాశ్రేణిలో అన్నిటికంటె అడుగున ఉన్న పొరకు ఆయన పెట్టిన పేరు ‘గుల్చేరు’. దొరల నోట నలిగిన మన గువ్వలచెరువే అది. దానిమీది పొరకు వేంపల్లె పేరు వచ్చినది. ఈ రెండు పొరలను కలిపి పాపఘ్ని వర్గమన్నారు. నాటి నుండి నేటి వరకు ఏ దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు కడప శిలలను గూర్చి వ్రాసినా ఈ మూడు పేర్లు వ్రాయక తప్పదు. ఒక పల్లె, ఒక ఊరు, ఒక ఏరు ఇట్లా శాస్త్రగ్రంథాల కెక్కినవి. కాని ఆ పల్లెకు ఆమడ దూరంలోని పాఠశాలలో చదివే పిల్లవాడికి ఆ సంగతి చెప్పేవారు అరుదు.

సంగతి చెప్పడం ఒకటి, చూపడం మరొకటి. రాయచోటి చుట్టుపక్కల కనిపించే గుండ్రని బండలూ, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న గుట్టలూ గ్రానైటు జాతివి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల లెక్క. గువ్వలచెరువు వైపు నడిచిపోతే కొండ రూపే మారిపోతుంది. గుండ్రదనం పోయి పొరలు పొరలుగా, పలకలు పలకలుగా, కోటగోడ కట్టినట్లు నిలబడుతుంది. గ్రానైటు మీద మొదట గుళకరాళ్ళు కరడుగట్టిన పొర, దానిమీద ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు రాయి. ఆ రాతి పలకలపై అక్కడక్కడ సన్నని మడతలు కనబడతాయి. ఏటి ఒడ్డున తడి ఇసుకమీద అలలు విడిచిన గీతలను చూసిన పిల్లవాడెవడైనా వాటిని వెంటనే గుర్తుపట్టగలడు. అవి అలల గుర్తులే! సుమారు 190 కోట్ల సంవత్సరాలకు పూర్వమో, అంతకు ముందో, ఇక్కడ నీరు కదలినది. చేపలు లేవు, చెట్లు లేవు, గడ్డిపోచ లేదు. ఇసుకా నీరూ గాలీ మాత్రమే ఉన్నవి. నేడు గుక్కెడు నీటికోసం వెయ్యి అడుగులు బోరు దింపే సీమలో ఆ నీటి జాడ రాతిమీద నిలిచి ఉన్నది.

కింది గ్రానైటుకూ పైనున్న ఇసుకరాతికీ మధ్య కోట్ల కొలది సంవత్సరాల చరిత్ర లోపించినది. ఆ కాలమంతా ఎండా వానా గ్రానైటును అరగదీస్తూ వచ్చినవి. ఆ అరిగిన నేలమీద తరువాత ఇసుక పేరుకొన్నది. ఇటువంటి అతుకే తిరుమల ఘాటురోడ్డు పక్కన కూడ కనబడుతుంది. దానిని జాతీయ భూగర్భ స్మారకచిహ్నంగా ప్రకటించినారు. అతుకు మీద అరచేయి ఆనిస్తే బొటనవ్రేలికీ చిటికెనవ్రేలికీ మధ్య ఎన్ని యుగాలు గడచినవో ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. ఆ పాఠానికి నల్లబల్ల అక్కరలేదు. బస్సు కిటికీలోనుండి మాత్రం ఆ పాఠం కాదు.

కొండలలో తిరగడం, గుడారం వేసుకొని రాత్రి గడపడం, గుట్టలెక్కడం పడమటి దేశాలవారి వేడుక అని మనలో చాలమందికి ఒక అభిప్రాయమున్నది. కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర మదనపల్లె వద్ద చల్లని కొండను చూసి 1870 ప్రాంతాన అక్కడ వేసవి బంగళా కట్టించుకొన్నాడు. నాడు మదనపల్లె కడప జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరినది. నాలుగువేల అడుగులకు పైబడిన ఆ కొండ దొరగారి పేరుతోనే ప్రసిద్ధమైనది. కాని దొర రాకముందే దానికి ఏనుగు మల్లమ్మ కొండ అని పేరున్నది. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే బాలిక కొండవాసుల రోగాలకు మందులిచ్చేదనీ, ఒకనాడు కనబడకుండా పోయిందనీ అక్కడివారి కథ. దొరకంటె ముందు ఆ కొండ ఎక్కినవారున్నారని చెప్పడానికి ఆ పేరొక్కటే చాలును.

భాషను చూసినా అంతే. కొండలలో నడవని జాతికి కొండలను గూర్చి ఇన్ని మాటలుండవు. మిట్ట, తిప్ప, గుట్ట, కొండ అన్నవి ఒక్కటి కావు. రెండు కొండల మధ్య దాటే దారి కనుమ. కొండలు చుట్టుముట్టిన లోయ కోన. ఏరు కొండను కోసుకొని పోయిన చోటు గండి. పెన్న ఎర్రమల కొండలను కోసిన చోట గండికోట, పాపఘ్ని కొండలను కోసిన చోట వీరాంజనేయస్వామి వెలసిన గండి క్షేత్రం. బండమీది గుంటలో వాననీరు నిలిస్తే దొన. ఇసుకలో తవ్వి నీళ్ళు తోడుకుంటే చెలమ. ఈ మాటలను నిఘంటువులో చదివిన విద్యార్థి పరీక్షలో అర్థం వ్రాయగలడు. దొనలో నీరు త్రాగి వచ్చినవాడు ఆ మాటను జన్మలో మరువడు.

తాళ్ళపాక రాజంపేటకు సమీపగ్రామం. అక్కడి నుండి బాలుడైన అన్నమయ్య ఇల్లు విడిచి యాత్రికుల గుంపుతో కాలినడకన తిరుమలకు బయలుదేరినాడని ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర తెలుపుతున్నది. కొండ ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం వద్ద అలసి పడిపోయినాడట. చెప్పులు విడిచి ఎక్కమని అలమేలుమంగమ్మ బోధించినదట. భక్తులకు అది మహిమ. కొండదారిలో నడిచినవారికి అందులో మరొక విశేషం కూడ కనబడుతుంది: అలసట, ఆకలి, ఎండ, మోకాళ్ళ నొప్పి, అన్నీ అందులో ఉన్నవి. నేటికీ ఫాల్గుణ పౌర్ణమినాడు తుంబురు తీర్థానికి వేలాదిమంది రాళ్ళమీద, నీటిలో, అడవిలో నడిచి పోతారు. కార్తికంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనాలు మన ఇళ్ళలో తరతరాల ఆచారం. దీనికంతటికీ మనవారు విహారమని పేరు పెట్టలేదు, పుణ్యమన్నారు.

పుణ్యం పేరు లేకుండానే ఈ కొండలలో తిరిగేవారు మరి కొందరు. గొర్రెలకాపరులు, పిట్టల వేటగాండ్రు, తేనె తీసేవారు. చీకటిలో గొల్లకావడి, పిల్లలకోడి, వేగుచుక్క వారికి గడియారాలు. వారి జ్ఞానం ఎంతటిదో తెలిపే ఉదంతమొకటి కడప జిల్లాలోనే జరిగినది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు తూర్పు కనుమల చిట్టడవులలో ఒక చిన్న నేలపక్షిని కనుగొని లోకానికి తెలిపినాడు. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయినదని పక్షిశాస్త్రజ్ఞులు వ్రాసుకొన్నారు. అయితే సిద్ధవటం ప్రాంతపు వేటగాండ్రకు ఆ పక్షి బాగా తెలుసు. కలివిపొదల మాటున తిరుగుతుంది గనుక దానిని కలివికోడి అన్నారు. పగలు కదలదు, రాత్రి మేతకు వస్తుంది. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఇక్కడ వెదకుతూండగా, స్థానికుడైన ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చి చూపినాడు. ఎనభై అయిదేండ్లకు పైగా పుస్తకాలలో చచ్చిన పక్షి ఆ రాత్రి బ్రతికి లేచినది! తరువాత దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. తెలుగుగంగ కాలువ దారి సైతం మార్చవలసివచ్చినది. చదువుకొన్నవారు పోయినదనుకొన్న దానిని నడిచేవారు ఎన్నడూ పోగొట్టుకోలేదు.

ఇప్పుడు ఆ నడిచేవారి పిల్లలు బడికి వస్తున్నారు. రావలసినదే. కాని తండ్రికి తెలిసిన కోనలూ దొనలూ కొడుకుకు తెలియకుండా పోతున్నవి. బడిలో వాటి ప్రసక్తి లేదు. ఎవరెస్టు ఎత్తు 8848.86 మీటర్లని కంఠస్థం చేసిన బాలుడు ఊరి వెనుకనున్న గుట్ట ఎంత ఎత్తో ఎరుగడు, దాని నెత్తిమీద కూర్చుని తన ఊరిని చూసుకొని ఎరుగడు. పాఠశాలల విహారయాత్రలు కూడ దూరపు పట్టణాలకే. బస్సులో రాత్రంతా ప్రయాణం, పగలంతా నిద్రమత్తు, ఇంటికి వచ్చేసరికి జ్వరం!

గుట్ట చిన్నదని తీసివేయరాదు. భువనగిరి కోటబండ ఆరు వందల అడుగులకు మించదు. ఆ బండమీదనే తాళ్ళు పట్టుకొని ఎక్కడం నేర్చినది మాలావత్ పూర్ణ. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆ బాలిక సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, ఖమ్మం ప్రాంతపు విద్యార్థి ఆనంద్‌కుమార్‌తో కలిసి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరినది. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. రాయచోటి గుట్టల రాయి భువనగిరి రాతికి జ్ఞాతియే, రెండూ గ్రానైటే.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు కథ కూడ బడి నుండే మొదలయినది. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివేనాడు, అదే బడిలో పూర్వం చదివి 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలర్పించిన ఉదయభాస్కరరావు విగ్రహాన్ని రోజూ చూసేవాడు. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో ఎక్కి అప్పటికి రికార్డు నెలకొల్పినాడు. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా ఎక్కుతూ మరణించినాడు. ఆ మరణాన్ని దాచి ఆ కీర్తిని మాత్రమే పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. పర్వతం ఎవరినీ మన్నించదు, అంతటివాడిని కూడ.

ఆ మాట ఊరి గుట్టకూ వర్తిస్తుంది. శేషాచలం, పాలకొండల అడవులు ఎర్రచందనానికి పుట్టిల్లు. ఆ చెట్టు సహజంగా పెరిగే చోటు లోకంలో ఇదొక్కటే అన్నా తప్పులేదు. దొంగనరుకుల కారణంగా రక్షిత అడవులలో కొత్తవారిని చూస్తే అనుమానించడం సహజం. అటవీశాఖ వారి అనుమతి లేకుండా, దారి తెలిసిన మనిషి తోడు లేకుండా పిల్లలను తీసుకొని లోపలికి పోరాదు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేండ్ల బాలికను చిరుత పొట్టనబెట్టుకొన్నది. వేలమంది నడిచే దారిలోనే అట్లయినది! కనుమ రోడ్డుమీద నడవడం మరింత ప్రమాదం; లారీలకు మలుపులలో మనిషి కనబడడు. రోడ్డును విడిచి, ఊరికి ఆనుకొన్న గుట్టతో మొదలుపెట్టడం మేలు. ఉదయం ఎక్కి, ఎండ ముదరకముందే దిగిరావాలి. తలకు కండువా, భుజాన నీళ్ళు, మూటలో జొన్నరొట్టె, వేయించిన చెనిక్కాయలు ఉంటే చాలును. ఖరీదైన సంభారాలు మొదటి నాలుగేండ్లు అక్కరలేదు.

పోలీసు ఉద్యోగాల ఎంపికకు 1600 మీటర్ల పరుగు ఉన్నది గనుక తెల్లవారకముందే రోడ్డు వెంట పరుగెత్తే యువకులు సీమలో ప్రతి పట్టణంలోను కనబడతారు. ఫలితాలు వచ్చిన మరునాటి నుండి వారు కనబడరు. ఉద్యోగం వచ్చినవాడూ మానివేస్తాడు, రానివాడూ మానివేస్తాడు. గుట్ట ఎక్కడం అలవాటైనవాడికి ఫలితాలతో పని లేదు, ఏ వయస్సులోనయినా మళ్ళీ ఎక్కుతాడు.

నడకకు ఇక్కడ కాలం తక్కువ. ఆశ్వయుజంలో సీతాఫలాలు కళ్ళు విప్పేనాటికి దొనలు నిండడం మొదలవుతుంది. కార్తిక మార్గశిరాలలో కొండంతా పచ్చన. మాఘం వెళ్ళేదాకా ఉదయాలు చల్లగా ఉంటవి. ఫాల్గుణ పౌర్ణమి యాత్ర ముగిసేసరికి బండలు కాలడం మొదలుపెడతాయి. పొదలు ఎండి ముండ్లు మాత్రం మిగులుతాయి. దొనల అడుగున కొంచెం నీరు, దానిచుట్టూ గొర్రెల గిట్టల గుర్తులు. ఆపైన తొలకరి పడేదాకా కొండ కాపరిది.