కాటా కొనేముందు

మా ఊళ్ళో శనక్కాయ విత్తనానికి మందు పట్టించే కొలత అగ్గిపెట్టె. ఇక్కడ ల్యాబులో గాజుపెట్టెలోని త్రాసు ముందు ఊపిరి బిగబట్టి మిల్లీగ్రాములు లెక్కపెట్టి, సెలవులకు ఇంటికి పోతే మా నాయన అగ్గిపెట్టెతో మాంకోజెబ్ పోస్తుంటాడు!

"పొడిని కుదిపితే అదే పెట్టెలో ఇంకొంచెం పడుతుంది నాయనా, అది తూకం కాదు" అన్నాను.

"ఇన్నేండ్లూ పండలేదేమిరా?" అన్నాడు.

ఆ ఏడు విత్తిన ఇరవై రోజులకు మొలకలు గుంపులు గుంపులుగా వాడిపోయాయి. పెరికి చూస్తే మొదట్లో నల్లటి బూజు. మొదలుకుళ్ళు. తప్పంతా అగ్గిపెట్టెదే అనను గాని, అరెకరం మళ్ళీ దున్నిన తర్వాత నాయనే "ఏదో ఒక కాటా చూడు" అన్నాడు.

కిలో విత్తనానికి మాంకోజెబ్ 3 గ్రాములు. టెబుకొనజోల్ పొడి అయితే 1 గ్రామే. మేము డ్రమ్ములో విడతకు 5 కిలోలు దొర్లిస్తాం. అంటే తూచవలసింది 15 గ్రాములు, లేదా 5 గ్రాములు. గింజలు తూచే వేలాడే స్ప్రింగు కాటాకు ఇది ఆనదు. వంటింటి డిజిటల్ కాటా 5 కిలోలు మోస్తుంది గాని ఒక్కో గ్రామే చూపుతుంది. 5 అని చూపినప్పుడు అసలు బరువు నాలుగున్నర కావచ్చు, అయిదున్నర కావచ్చు. అంటే నూటికి పది తేడా. కనుక దుకాణంలో "ఎంత మోస్తుంది?" అని కాక "ఎంత చిన్నది చూపుతుంది?" అని అడగాలి. మనం తూచే అతి చిన్న బరువులో యాభయ్యో వంతు చూపితే చాలు. మేము 500 గ్రాములు మోసి 0.1 గ్రాము చూపేది కొన్నాం. 0.01 చూపేదీ ఉంది గాని, పొలం గట్టున గాలికే దాని అంకెలు ఆడుతుంటాయి.

జీవామృతం సంగతి వేరు. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేసి పులియబెట్టేటప్పుడు వంద గ్రాములు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. పాత స్ప్రింగు కాటాను దానికే ఉంచాం. ఒకే కాటా రెండు పనులూ చేస్తుందని చెప్పే దుకాణదారుణ్ణి నమ్మకండి.

డిజిటల్ కాటా లోపల ఉన్నది మనం ప్రాక్టికల్సులో చేసే వీట్‌స్టన్ బ్రిడ్జే. బరువుకు చిన్న అల్యూమినియం కడ్డీ వంగుతుంది. దానికి అంటించిన పలుచని తీగల నిరోధం మారుతుంది. అందుకే ఎక్కువ బరువు పెట్టి కడ్డీని శాశ్వతంగా వంచేస్తే ఇక అది చెప్పేదంతా అబద్ధమే. ఇంకో తిరకాసు: సున్నా దగ్గర పొడిని చిటికెడు చిటికెడు వేస్తే, చౌక కాటాలు ఆ కాస్త మార్పును పొరపాటనుకొని మళ్ళీ సున్నాకే దిద్దుకుంటాయి. గిన్నె బరువును సున్నా చెయ్యకుండా ఉంచి, తర్వాత తీసివేసుకుంటే ఈ బాధ లేదు.

అంకెలు చూపడం వేరు, నిజం చూపడం వేరు. వ్యాపారపు ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. ఇంటి కాటాను మనమే పరీక్షించుకోవాలి. 2012 నుంచి 2018 దాకా ముద్రించిన రెండు రూపాయల నాణెం 4.85 గ్రాములు. అరగనివి పది పెడితే 48.5 రావాలి. నడుమ ఒకసారి, నాలుగు మూలలా ఒక్కోసారి పెట్టి చూడండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మొదటి కాటా ఒక మూలన 47 చూపింది, అక్కడే వదిలేసి వచ్చాను.

ఇప్పుడది మా గడ్డివాములో కొయ్యకు వేలాడే సంచిలో ఉంటుంది. మందు తూచింది వంటింట్లోకి రాకూడదు గదా! అమ్మ దాని మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టింది. అగ్గిపెట్టె మాత్రం నాయన జేబులోనే ఉంది, బీడీలకు.