మీకు తెలుసా? ఉత్తరం ముక్క నుంచి ఉపగ్రహం దాకా నెల్లూరు తీరం

మద్రాసుకు ముందు ఇంగ్లీషువాళ్ల మకాం మన దుగరాజపట్నంలో ఉండేదని మీకు తెలుసా?

1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ ఒక వర్తక స్థావరం పెట్టుకుంది. సాయపడిన స్థానిక పెద్ద ఆర్ముగం మొదలియారు పేరు మీద దాన్ని ఆర్మగాన్ అన్నారని చెబుతారు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే కోట కట్టుకుని కూర్చున్నారు. ఇటు చూస్తే, యూరపు వాళ్లు ఎగబడి కొనే అద్దకం బట్టలు ఇక్కడ చాలినన్ని దొరకలేదు. ఆర్మగాన్‌లో పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి కొత్త చోటు బేరమాడుకున్నాడు. 1640కి మకాం మద్రాసుకు మారింది.

ఇంత పెద్ద నిర్ణయానికి లండన్ పెద్దల జవాబు కోసం ఎదురు చూసే వీలే లేదు. ఉత్తరం ఓడెక్కి ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోవాలి. పోవడానికి నెలలు, జవాబు రావడానికి మళ్లీ నెలలు. అందుకే ఆ రోజుల్లో తీరం మీదున్న మనిషి ముందు పని చేసేవాడు, తర్వాత ఉత్తరం రాసేవాడు. ఒక మహానగరం పుట్టుకలో ఈ ఆలస్యానికీ వాటా ఉందంటే నాకు అతిశయోక్తిగా తోచదు.

టీవీలో చెప్పే ప్రమాద హెచ్చరిక నంబరు తుఫాను బలాన్ని మాత్రమే చెప్పదు

కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేశారంటే కంగారు, ఏడంటే అంతకు రెట్టింపు కంగారు. నంబరు పెరిగితే గాలి పెరిగినట్టే అని మనం అనుకుంటాం. సగమే నిజం. అయిదు, ఆరు, ఏడు నంబర్లలో తుఫాను బలం ఒకటే, తేడా దారిలో ఉంది. తుఫాను తన దారిలో రేవును ఎడమ పక్కన వదిలి దాటుతుందనుకుంటే అయిదు, కుడి పక్కన వదిలితే ఆరు, రేవు మీదుగానో దాని పక్క నుంచో దాటితే ఏడు. తుఫాను తీవ్రమైనదైతే ఇదే వరుస ఎనిమిది, తొమ్మిది, పదిగా మళ్లీ మొదలవుతుంది.

ఈ ఎడమ కుడుల గొడవ ఎందుకంటే, మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పడమటికి వచ్చే తుఫానుకు కుడి పక్కన, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది. నీటిని తోసుకొచ్చేది ఆ గాలే. ఉప్పెన భయం అటువైపే ఎక్కువ. ఎడమ పక్క వాళ్లకు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. ఇంత సంగతి ఒక్క అంకెలో ఇమిడిపోయింది. పగలైతే స్తంభానికి కట్టిన శంకువు, గుండ్రటి డబ్బా ఆకారాలు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు. చదువు రాని సరంగుకూ దూరం నుంచే అర్థమయ్యే భాష అది.

అన్నిటికంటే పెద్ద నంబరు పదకొండు. అది గాలి గురించి కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మాకే కబురూ అందడం లేదు అని దానర్థం. సమాచారం ఆగిపోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమని ఆ పట్టిక తయారు చేసినవాళ్లు అప్పుడే గట్టిగా నమ్మినట్టున్నారు.

అంకెలతో పెళ్లి శుభాకాంక్షలు

తంతిలో, అంటే టెలిగ్రాంలో, మాటకింత అని డబ్బు కట్టాల్సి వచ్చేది. అందుకని పండక్కీ, పెళ్లికీ, పరీక్ష పాసైనందుకూ తపాలా శాఖ ముందే వాక్యాలు తయారు చేసి నంబర్లు వేసింది. మీరు నంబరు రాసిస్తే చాలు, అవతలి ఊళ్లో పూర్తి వాక్యం అచ్చయి చేరేది. ఇవాళ ఫోన్లో ఒక బొమ్మ నొక్కి పంపేవాళ్లు ఆ నంబర్లను చూసి నవ్వే పని లేదు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులై 14 రాత్రితో ముగిసింది. ఆ సేవ ఉన్నన్నాళ్లూ పల్లెల్లో మాత్రం తంతి మనిషి కనబడితే చాలు, కవరు విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. శుభవార్తలు ఎక్కువగా కార్డు మీదే వచ్చేవి మరి.

శ్రీహరికోట ఉండీ మన టీవీ ఉపగ్రహాలు ఇక్కణ్నుంచి వెళ్లలేదు

ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఈ దీవిని 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడ తొలిసారి ఎగిరింది. తూర్పున ఎదురుగా సముద్రమే కాబట్టి పైనుంచి ఏం పడినా ఊళ్ల మీద పడదు. భూమి తిరగడం వల్ల ఈ చోటు తూర్పుకు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో పోతూనే ఉంటుంది. తూర్పుకు వెళ్లే రాకెట్‌కు ఆ వేగం పుట్టుకతోనే వచ్చిన ఆస్తి.

అయినా 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కక్ష్యలో పెట్టిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు. రామాయణం సీరియల్‌ను ఊరూరా చూపించిన కాలం నాటి ఇన్శాట్-1బి టన్ను దాటిన బరువు. దాన్ని 1983లో అమెరికా వాళ్ల చాలెంజర్ షటిల్ మోసుకెళ్లింది. ఆ తర్వాతి ఇన్శాట్లలో చాలా వాటికి దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాయే పుట్టినిల్లు. సూళ్లూరుపేటలో రాకెట్ చప్పుడు విని కిటికీలు అదిరిన ఇంట్లోనే, అట్లాంటిక్ అవతలి నుంచి ఎగిరిన ఉపగ్రహం మీద దూరదర్శన్ వచ్చేదన్నమాట.

మన సొంత భారీ రాకెట్ రావడానికి చాలా కాలం పట్టింది. 2001 ఏప్రిల్‌లో జీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం, 2004 సెప్టెంబరు 20న పాఠాల కోసమే తయారైన ఎడ్యుశాట్, 2017 జూన్ 5న 3,136 కిలోల జీశాట్-19 వరుసగా ఇక్కణ్నుంచే వెళ్లాయి.

ఇంకో చిన్న సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట, దాంతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయాయి. నెల్లూరు వాళ్లు మాత్రం ఇప్పటికీ మా శ్రీహరికోట అనే అంటారు. సముద్రానికి జిల్లా సరిహద్దులు తెలియవు కదా.

హామ్ రేడియో వాళ్లకంటూ ఒక ఉపగ్రహం

2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ పెద్ద కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కూడా పైకి తీసుకెళ్లింది. సరదాగా రేడియో నడిపే హామ్‌ల కోసం అది. అందులో ఒక పరికరం మన వాళ్లు చేసింది, రెండోది నెదర్లాండ్స్‌లో చదువుకునే ఒక కుర్రాడు చేసింది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు, 2014 దాకా పలికింది. ఆ ప్రయోగానికి కొద్ది నెలల ముందే, 2004 డిసెంబరు సునామీలో అండమాన్‌లో ఫోన్లన్నీ మూగబోయినప్పుడు బయటి లోకానికి కబురు చేర్చింది ఈ హామ్‌లే.

చేపల జాడ ఆకాశం నుంచి ఎలా తెలుస్తుంది?

ఉపగ్రహానికి చేప కనబడదు, నీటి రంగు కనబడుతుంది. నీళ్లలో కంటికి ఆనని మొక్కలాంటి జీవులుంటాయి. వాటిలోని పత్రహరితం వల్ల సముద్రం రంగు కాస్త పచ్చబారుతుంది. ఆ మేత కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు చేరతాయి. చల్లని నీళ్లూ వెచ్చని నీళ్లూ కలిసే గీత దగ్గర ఈ మేత ఎక్కువ. రంగూ వేడీ రెండూ కలిపి చూస్తే వల ఎక్కడ వేయాలో అంచనాకు వస్తుంది. రంగును కొలిచే ఓషన్‌శాట్ వరుసలో మొదటిది 1999 మే 26న, రెండోది 2009లో, మూడోది 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే వెళ్లాయి.

ఆ లెక్కలు కట్టేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. సముద్రం ఒడ్డున లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రం! ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ లోతెంత అని చెబుతారు. మబ్బు పడితే ఉపగ్రహం కళ్లు మూసుకున్నట్టే, ఆ రోజు కబురుండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ ఉండదు.

ఇంతా చేసి ఒక చిక్కు మిగిలింది. ఒడ్డు దాటి పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. వేటకు పోయాక తుఫాను పుడితే పడవలోని మనిషికి చెప్పేదెవరు? 2017లో ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను మింగినప్పుడు ఈ లోటు దేశమంతటికీ తెలిసొచ్చింది. 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పెట్టెను తీసుకొచ్చారు. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థ సంకేతాల్లోనే తుఫాను కబురును కూడా ఇరికించి పంపుతారు. పెట్టె దాన్ని పట్టుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కు ఇస్తుంది, ఫోన్ తొమ్మిది ప్రాంతీయ భాషల్లో చూపిస్తుంది. గగన్ సంకేతాలు మోసే జీశాట్-8, 10, 15 మూడూ మళ్లీ ఫ్రెంచి గయానా నుంచి ఎగిరినవే. ఈ పెట్టె వినగలదు, మాట్లాడలేదు. పడవవాడు ఆపదలో ఉన్నానని తిరిగి చెప్పాలంటే వేరే పరికరం కావాలి.

రెండు గంటల వ్యవధి ఉండీ

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. సునామీ అలలు మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. కబురు మాత్రం రాలేదు, రాదగ్గ దారే అప్పటికి లేదు. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా పోయారు.

పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే పల్లె కథ వేరు. సింగపూర్‌లో పని చేసుకుంటున్న ఆ ఊరి యువకుడు టీవీలో వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఆ ఊళ్లో పెట్టిన సమాచార కేంద్రంలో ఒక మైకు ఉంది. అందులో పిలిచి చెప్పారు, జనం పరుగెత్తారు. ఇళ్లు పోయినా సుమారు 3,600 మంది ఉన్న ఊళ్లో ఒక్క ప్రాణమూ పోలేదు. అంతర్జాతీయ టీవీ, విదేశీ ఫోన్, ఊరి మైకు. మూడింటిలో ఏది లేకున్నా ఆ ఊరు లేదు. ఈ తీరం చరిత్రలో కొత్త యంత్రం పాతదాన్ని తోసేసిన సందర్భాల కంటే, పాతదాని చేయి పట్టుకుని చివరి ఇంటి దాకా నడిచిన సందర్భాలే ఎక్కువ అని నాకనిపిస్తుంది.

నిజానికి కొత్త యంత్రంతో చివరి ఇంటి దాకా కబురు చేర్చే ప్రయత్నం సునామీకి ఇరవై ఏళ్ల ముందే మన తీరంలో జరిగింది. 1980లలో వాతావరణ శాఖ ఇన్శాట్ ద్వారా నేరుగా తుఫాను హెచ్చరిక అందుకునే పెట్టెలను మొదట పెట్టింది దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లోనే. ప్రతి పెట్టెకూ ఒక సంకేతం ఉంటుంది. ఏ ప్రాంతానికి ముప్పుందో ఆ ప్రాంతపు పెట్టెలనే నిద్రలేపవచ్చు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత స్థానిక భాషలో మనిషి గొంతు పలుకుతుంది. సునామీకి అలాంటి ఏర్పాటు కావాలని 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది.

తెలుగు ఎస్సెమ్మెస్‌కు ఎందుకంత ఇరుకు?

ఒక్క ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు, తెలుగైతే 70. పైగా ఆ డెబ్బై మన కంటికి కనిపించే అక్షరాలు కావు. శ్రీహరికోట అని రాస్తే మనకు అయిదు అక్షరాలు, ఫోన్ లెక్కలో పది. ఒత్తు, గుణింతం అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా చాలా ఏళ్లు ఒక్కో పత్రిక వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు వేసుకోవాల్సి వచ్చేది, లేకపోతే తెరంతా పిచ్చిగీతలే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది.

ఇరుకైనా మన వాళ్లు సర్దుకున్నారు. రొయ్యల రైతు ఫోన్‌కు పొద్దున్నే వచ్చే మెసేజ్ చూడండి. ముప్పై కౌంట్ ఇంత, యాభై కౌంట్ ఇంత, వంద కౌంట్ ఇంత. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు పెద్దది. గుంట గట్టు మీద నిలబడి పట్టుబడి చేయాలా, ఇంకో వారం మేత వేయాలా అన్నది ఆ అంకెలే తేలుస్తాయి. తంతి అంకెలు పోయాయి, పోర్టు స్తంభం మీది అంకెలకు తోడుగా ఇప్పుడు ఇవి.

సముద్రం అడుగున ఒక దారి, ఆకాశంలో ఇంకొకటి

మైపాడులో కూర్చుని మీరు చూసే విదేశీ వీడియో సాధారణంగా ఉపగ్రహం మీద రాదు. సముద్రం అడుగున పరిచిన గాజు తీగ మీద వస్తుంది. మన వైపు అలాంటి తీగలు ఒడ్డుకు చేరేది చెన్నైలో. చెన్నై–సింగపూర్ మధ్య ఐ2ఐ కేబుల్‌ను 2002లో భారతి, సింగ్‌టెల్ కలిసి వేశాయి. విశాఖకు కూడా సముద్రపు కేబుల్ తెస్తామని గూగుల్ 2025 అక్టోబరులో చెప్పింది.

అదే భారతి పెట్టుబడి పెట్టిన వన్‌వెబ్ కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు మొదట రష్యా రాకెట్ల మీద వెళ్లేవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రావడంతో ఆ దారి మూసుకుపోయింది. శ్రీహరికోటకు పిలుపొచ్చింది. 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న మరో 36. ఒకదానికొకటి తగలకుండా నాలుగేసి చొప్పున గంటకు పైగా వదులుతూ పోవడమే అందులో అసలు పనితనం.

2025 డిసెంబరు 24న వెళ్లిన బ్లూబర్డ్ బ్లాక్-2 ఇంకో అడుగు ముందు. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ అనే అమెరికా కంపెనీది. బరువు 6,100 కిలోలు, మన నేల మీంచి ఎగిరిన ఉపగ్రహాల్లో అప్పటికి అదే అతి బరువైనది. పైన విప్పుకునే దాని యాంటెన్నా విస్తీర్ణం 223 చదరపు మీటర్లు. అంత పెద్దది ఎందుకంటే, జేబులో ఉండే మామూలు స్మార్ట్‌ఫోన్ గొంతు చాలా చిన్నది. దాన్ని వందల కిలోమీటర్ల పైనుంచి వినాలంటే చెవి అంత పెద్దదిగా ఉండాలి. డిష్ అక్కర్లేదు, ప్రత్యేకమైన ఫోనూ అక్కర్లేదు. జువ్వలదిన్నె నుంచి వేటకు పోయిన ఫైబర్ పడవ పన్నెండో కిలోమీటరు దాటాక కూడా ఇంటికి ఫోన్ చేయాలంటే పనికొచ్చేది ఇలాంటి ఉపగ్రహమే. అయితే ఏ దేశంలోనైనా ఆ దేశపు ప్రభుత్వ అనుమతి, అక్కడి టెలికాం కంపెనీ పొత్తు కుదిరాకే ఆ సేవ నడుస్తుంది.